పై పిన్ను

సోమవారం పొద్దున హోరెస్ ట్రోమన్స్ షెడ్డు తలుపు తీసేసరికి నేల మీద రంపపు పొట్టు శుక్రవారం చల్లింది చల్లినట్టే ఉంది. మధ్యలో పళ్ళెమంత మేర నల్లగా గడ్డకట్టింది. కోటు విప్పకుండానే చీపురు అందుకుని ఊడ్చాడు. గడ్డకట్టినది చీపురుకి లొంగలేదు. పాత రంగు గీకే రేకు తెచ్చి, మోకాళ్ళ మీద కూచుని గీకాడు. యాభై తొమ్మిదేళ్ళ మోకాళ్ళు. లేచేటప్పుడు పక్కనున్న కారు పట్టుకోబోయి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

అది అరవై అయిదో సంవత్సరంలో తయారైన ఆకుపచ్చ స్పోర్ట్స్ కారు. ముందు భాగం రెండు ఇనప స్టాండ్ల మీద లేచి ఉంది. కుడివైపు చక్రం లేదు. చక్రం వెనక ఉండాల్సిన స్ప్రింగూ లేదు. అది ఎగిరి అవతలి గోడకి తగిలి, బల్లకిందికి దొర్లిపోయింది. అక్కణ్ణించి ఎవరూ తియ్యలేదు.

ఈ రకం కారులో షాక్ అబ్జార్బర్ కుదుపు మింగి ఊరుకునేది కాదు. దాని రెండు చేతులే చక్రాన్ని పైనుంచి పట్టుకుంటాయి. కింద ఒక ఇనప పళ్ళెంలో స్ప్రింగ్ అణిగి కూచుని ఉంటుంది. ఆ చేతుల చివరున్న పై పిన్ను లాగేశాక, స్ప్రింగును ఆపేది పళ్ళెం కింద పెట్టిన జాకీ ఒక్కటే. అందుకని జాకీ పక్కన, అదే పళ్ళెం కింద, ఇంకో స్టాండ్ కూడా పెట్టాలి. శుక్రవారం ఇక్కడి మెకానిక్ కీత్ రేబోల్డ్ పిన్ను లాగి, షాక్ అబ్జార్బర్ బోల్టుల మీదికి వంగాడు. జాకీ మెల్లగా దిగింది. దిగుతున్నకొద్దీ పళ్ళెం వాలి, జాకీ తల మీంచి జారింది. స్ప్రింగ్ వచ్చి కీత్ మొహానికి తగిలింది. వెనక గదిలో టీకి కెటిల్ పెడుతున్న హోరెస్‌కి చప్పుడు వినిపించింది. అరుపు వినపడలేదు. దవడ విరిగినవాడు అరవలేడని తర్వాత తెలిసింది.

"హోరెస్, ఒక్క నిమిషం వస్తారా?"

ఆఫీసు గది గుమ్మంలో మార్టిన్ వెల్బీ. గ్యారేజీ వాళ్ళ నాన్నది. నిక్కర్లేసుకున్న రోజుల్లో మార్టిన్ ఈ షెడ్డులోనే టైర్ల మీద గెంతుతుంటే చెవి పట్టుకుని బయటికి పంపినవాడు హోరెస్. ఇప్పుడు మార్టిన్ 'మీరు' అంటాడు. ఆ 'మీరు' వినిపించిన ప్రతిసారీ హోరెస్ జాగ్రత్తపడతాడు.

బల్ల మీద టైపు చేసిన కాగితం ఉంది. మూడే వాక్యాలు. స్ప్రింగ్ పళ్ళెం కింద కీత్ రేబోల్డ్ స్టాండ్ పెట్టలేదు. గ్యారేజీలో సరిపడా స్టాండ్లు అందుబాటులో ఉన్నాయి. పనిముట్లన్నీ మంచి స్థితిలో ఉన్నాయి. కింద హోరెస్ సంతకానికి గీత.

"బుధవారం ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టర్ వస్తోంది. ఆడమనిషి. మీరు ఈ షెడ్డుకి పెద్ద. మీ మాట చాలు ఆవిడకి."

హోరెస్ కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చదివాడు.

"మొదటి రెండూ నిజమే మార్టిన్. మూడోది?"

"కొత్త జాకీ చూళ్ళేదా? అదిగో, అట్టపెట్టె కూడా విప్పలేదు."

"అది ఇవాళొచ్చింది. కీత్ వాడిన ఎర్రజాకీ ఏది?"

"పాతదైపోయిందిగా. తుక్కుకి వేయించాను."

ఆ జాకీ సీలులోంచి నూనె కారి, జాకీ దానంతటదే దిగిపోతోందని కీత్ ఇదే గుమ్మంలో నిలబడి రెండుసార్లు చెప్పాడు. రెండుసార్లూ హోరెస్ విన్నాడు.

"కీత్‌కి ఉత్తరం పంపాను," అన్నాడు మార్టిన్, కాగితం సర్దుతూ. "భద్రతా నియమం తప్పినందుకు పనిలోంచి తీసేశామని. నాకూ బాధగానే ఉంది. కానీ చెయ్యక తప్పదు."

"ఆస్పత్రికి పంపావా?"

"ఇంటికి. ఎవరో ఒకరు చదువుతారుగా."

హోరెస్ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. సంతకం చెయ్యలేదు. చెయ్యనని చెప్పనూలేదు.

"ఆలోచించుకోండి," అన్నాడు మార్టిన్. "అన్నట్టు, ఆ కారు శనివారానికి ఇవ్వాలి. ఎడమవైపు షాక్ అబ్జార్బర్ కూడా దిగాలి. మీ చేత్తోనే దించండి. ఇంకెవరినీ నమ్మలేను."

*

మధ్యాహ్నం బస్సెక్కి ఆస్పత్రికి వెళ్ళాడు. కీత్ మంచం కిటికీ పక్కన ఉంది. తలకీ ఎడమ కంటికీ కట్టు. దవడలు రెండూ తీగలతో బిగించేశారు. ముప్ఫై నాలుగేళ్ళ మనిషి, గొట్టంతో పాలు తాగుతున్నాడు. ఆ కన్ను ఇంక రాదని డాక్టర్లు శనివారమే చెప్పేశారు.

హోరెస్‌ని చూడగానే కీత్ పలక లాంటి అట్టకి గుచ్చిన కాగితాల మీద గిలికి, భార్యకిచ్చాడు. పడుకుని రాసే రాత. గ్లెనిస్‌కి తప్ప ఎవరికీ అర్థం కావడం లేదు. వచ్చిన ప్రతివాళ్ళకీ ఆవిడే చదివి వినిపిస్తోంది.

"ఆల్బియన్ ఫుట్‌బాల్ ఆట ఏమైంది అంటున్నాడు."

"మూడు సున్నాకి ఓడారు," అన్నాడు హోరెస్. "నువ్వు చూడకపోవడమే..." అని నాలిక కరుచుకున్నాడు.

కీత్ భుజాలు కదిలాయి. మళ్ళీ గిలికాడు.

"సగమే చూసేవాణ్ణిలే, ఒకటిన్నర గోలుతో పోయేది అంటున్నాడు." గ్లెనిస్ చదివి, మొగుడి చెయ్యి మీద ఒక్కటిచ్చింది. "సిగ్గులేకపోతే సరి. పొద్దున్నించీ ఇవే జోకులు."

తర్వాత హోరెస్‌ని నడవాలోకి తీసుకెళ్ళి, చేతిసంచీలోంచి ఉత్తరం తీసి చూపించింది. పొద్దున టపాలో వచ్చింది. ఆవిడ మొహం ఎర్రగా, పొడిగా ఉంది. ఏడుపు ఎప్పుడో అయిపోయిన మొహం.

"ఆయనకి చెప్పలేదు. ఎలా చెప్పను? పద్నాలుగేళ్ళు మిస్టర్ ట్రోమన్స్! ఒక్కరోజు ఆలస్యంగా వెళ్ళాడా? ఇంకో గ్యారేజీవాడు ఈ కాగితం చూశాక గుమ్మం తొక్కనిస్తాడా?"

"నేను చూస్తానమ్మా. బుధవారం ఇన్‌స్పెక్టర్ వస్తుంది. జాకీ సంగతి నేను చెప్తాను."

ఆవిడ హోరెస్ మోచెయ్యి పట్టుకుంది.

"మీరు చెప్తే చాలు. కీత్ నిర్లక్ష్యంగా చేసే మనిషి కాదని మీకంటే ఎవరికి తెలుసు? ఇంట్లో కుళాయి బిగించినా సరే, 'హోరెస్ ఇలా చెయ్యమన్నాడు' అనే అంటాడు. మీరు నేర్పింది నేర్పినట్టు, వెంట్రుకవాసి తేడా రాకుండా చేస్తాడండీ."

"అవునమ్మా. నా దగ్గర పని నేర్చినవాళ్ళలో వాడే మేలు," అన్నాడు హోరెస్. బస్సులో ఇంటికెళ్తూ ఆ మాటే తలుచుకున్నాడు. ఛాతీ కాస్త వెచ్చగా అనిపించింది. బుధవారం మార్టిన్ మొహం ఎలా పెడతాడో ఊహించుకున్నాడు.

*

మంగళవారం ఎడమవైపు పని మొదలుపెట్టాడు. అవతల రంగులేసే విల్ఫ్ ఒక కారు తలుపుకి ఉప్పుకాగితం రుద్దుతూ, పొద్దుటే మాటలు మొదలెట్టాడు.

"శుక్రవారం సాయంత్రం ఎర్రజాకీని వ్యాన్‌లోకి ఎక్కించింది నేనే తెలుసా? ఆరేళ్ళు మాతో చాకిరీ చేసింది, అంత్యక్రియలు మాత్రం మా గొప్పగా చేశాడు మార్టిన్ దొర. స్వయంగా బండి తోలుకుంటూ."

"అదే మాట రేపు ఇన్‌స్పెక్టర్‌తో చెప్తావా?"

"నాకు నలుగురు పిల్లలు హోరెస్." విల్ఫ్ తలెత్తలేదు. "నువ్వు చెప్పు. నీకు ఇంకో ఆరేళ్ళలో పింఛను. నిన్నేం చేస్తాడు?"

హోరెస్ చక్రం విప్పి, కారు కిందికి తోశాడు. ఎంత బలమైన స్టాండ్లైనా సరే, జారినప్పుడు విప్పిన చక్రం అడుగున ఉంటే కారు నేలదాకా రాదు. ఇనప బ్రష్‌తో బోల్టుల మీది మట్టి రాల్చాడు. నూనె కొట్టాడు. నూనె దిగేదాకా ఆగాడు. ఈ పనిలో తొందర పనికిరాదని ఎందరికి చెప్పాడో. కొత్త జాకీని పళ్ళెం కిందికి తోసి, పిడి ఊపాడు. పళ్ళెం లేచింది, స్ప్రింగ్ మూలిగింది, షాక్ అబ్జార్బర్ చేతులు తాము ఆనుకున్న రబ్బరు దిమ్మ మీంచి వేలెడు పైకి లేచాయి. బరువిప్పుడు జాకీ మీద ఉంది.

పై పిన్ను చివర చీలమేకు వంచి లాగాడు. నట్టు మీద స్పానర్ వేసి, మొదట ఒక గుద్దు గుద్ది వదులు చేసి, వేళ్ళతో తిప్పాడు. నట్టు అరచేతిలోకి వచ్చింది. బ్రేకు గొట్టం లాగబడకుండా చక్రం బిగించే హబ్‌ని తాడుతో కట్టాడు. ఎడమచేత్తో ఇత్తడి కడ్డీ పిన్ను చివర ఆనించి, కుడిచేత్తో సుత్తి ఎత్తాడు.

ఎత్తిన సుత్తి అలాగే ఉండిపోయింది.

పళ్ళెం కింద జాకీ ఒక్కటే ఉంది. స్టాండ్ లేదు.

మర్చిపోలేదు. మర్చిపోతే, ముందెప్పుడో ఒకసారి గుర్తుండి ఉండాలి. ముప్ఫై ఏళ్ళుగా ఈ పని ఎన్నిసార్లు చేశాడో లెక్కలేదు. ఒక్కసారి కూడా ఆ స్టాండ్ పెట్టలేదు. చక్రం కిందికి తొయ్యడం, నూనె దిగేదాకా ఆగడం, గొట్టం లాగకుండా తాడు కట్టడం, ఇత్తడి కడ్డీ వాడటం, అన్నీ చేతులు వాటంతటవే చేసుకుపోయాయి. స్టాండ్ ఆ చేతుల్లో లేదు. నిన్న నేల మీద నెత్తురు గీకిన చేతులు ఇవాళ మళ్ళీ అదే చెయ్యబోయాయి.

'మీరు నేర్పింది నేర్పినట్టు, వెంట్రుకవాసి తేడా రాకుండా.'

సుత్తి కింద పెట్టాడు. పిన్నుకి నట్టు మళ్ళీ ఎక్కించాడు.

"ఏమైంది? మొహం అలా పాలిపోయిందేం?" అన్నాడు విల్ఫ్.

"ఏం లేదు. ఆ మూల స్టాండ్లున్నాయి, ఒకటందుకో."

"దేనికి? నువ్వెప్పుడూ..." విల్ఫ్ సగంలో ఆగిపోయాడు. చేతిలో ఉప్పుకాగితం కింద పెట్టి, వెళ్ళి వెనక వరసలోంచి ఒక స్టాండ్ తెచ్చాడు. దాని మీద దుమ్ము దూదిలా పేరుకుని ఉంది. దాన్ని హోరెస్ పక్కన పెట్టి వెళ్ళిపోయాడు.

హోరెస్ స్టాండ్‌ని పళ్ళెం అంచు కిందికి జరిపాడు. మధ్య సందు లేకుండా ఎత్తు సరిచేసి, జాకీని చిటికెడు దించి బరువు రెండింటి మీదా పడేలా చేశాడు. అంతా కలిపి ఒక నిమిషం పట్టింది. ఒక్కటంటే ఒక్క నిమిషం. అప్పుడు నట్టు మళ్ళీ తీసి, పిన్ను కొట్టాడు. మూడు దెబ్బలకి వచ్చేసింది. స్ప్రింగ్ కదల్లేదు. నాలుగు బోల్టులూ విప్పి, షాక్ అబ్జార్బర్‌ని రెండు చేతులా ఎత్తి పట్టుకున్నాడు. లోపల నూనె ఉంటుంది, వంచకూడదు. బిడ్డని పట్టుకున్నట్టు నిటారుగా పట్టుకుని బల్లదాకా నడిచాడు.

*

బుధవారం పదింటికి ఇన్‌స్పెక్టర్ వచ్చింది. మిసెస్ ఆడ్లీ. పొట్టిగా ఉండి, మగవాళ్ళ బూట్లేసుకుంది. కారు చుట్టూ రెండుసార్లు తిరిగి, మోకాళ్ళ మీద కూచుని కిందికి తొంగిచూసింది. మార్టిన్ తెచ్చిన కుర్చీ వద్దంది.

"జరిగింది నాకు మీరు చెప్పండి మిస్టర్ ట్రోమన్స్. స్టాండ్ ఎందుకు పెట్టలేదాయన?"

"ఆయన నిర్లక్ష్యం..." అన్నాడు మార్టిన్.

"మిమ్మల్ని అడగలేదండీ."

హోరెస్ జేబులోంచి టైపు కాగితం తీశాడు. సంతకం చేసే చోటు ఖాళీగానే ఉంది. దాన్ని ఆవిడకిచ్చాడు.

"ఇందులో మూడోది అబద్ధం. ఎర్రజాకీ సీలు పోయి మూడు నెలలైంది. కీత్ రెండుసార్లు చెప్పాడు, నేను పక్కనే ఉన్నాను. ప్రమాదం శుక్రవారం పొద్దున. జాకీ తుక్కుకెళ్ళింది శుక్రవారం సాయంత్రం."

"హోరెస్!" అన్నాడు మార్టిన్.

ఆవిడ రాసుకుంటోంది. "సరే. మరి మొదటిది? స్టాండ్ పెట్టలేదన్నది?"

ఇక్కడ ఆగిపోవచ్చు. నిజమే అని ఊరుకుంటే సరిపోతుంది. జాకీ కారింది, దొర దాచాడు. అది చాలు మార్టిన్‌ని కోర్టులో నిలబెట్టడానికి. గ్లెనిస్ అడిగింది కూడా అంతే. విల్ఫ్ రుద్దుతున్న ఉప్పుకాగితం చప్పుడు ఆగింది.

"పెట్టలేదు," అన్నాడు హోరెస్. "ఎందుకంటే నేను పెట్టను. వాడికి పద్నాలుగేళ్ళ కిందట ఈ పని నేర్పింది నేను. స్టాండ్ లేకుండానే నేర్పాను. జాకీ మంచిదైతే స్టాండెందుకు, టైము దండగ అనేవాణ్ణి. జాకీ కారుతోందని నాకూ తెలుసు. టీ తాగేలోపు దిగిపోతోందని వాడంటే, అయితే టీ తాగకు అన్నాను."

కలం ఆగింది. ఆవిడ తలెత్తి ఆయన మొహంలోకి చూసింది.

"ఇది రాసుకుంటే మీ మీదికి కూడా వస్తుంది. తెలుసుగా?"

"రాసుకోండి."

ఆవిడ మూడు పేజీలు రాసి, గట్టిగా చదివి వినిపించింది. హోరెస్ ఒక్కో పేజీ కిందా సంతకం చేశాడు. పోతూ పోతూ ఆవిడ మార్టిన్‌తో, కీత్‌కి పంపిన ఉత్తరం వెనక్కి తీసుకోమనీ, మిగతాది కోర్టులో మాట్లాడుకుందామనీ చెప్పింది.

ఆవిడ కారు మలుపు తిరిగేదాకా మార్టిన్ గుమ్మంలో నిలబడి చూశాడు. తర్వాత అన్నాడు:

"పో. నీ పెట్టె తీసుకుని పో. మా నాన్న నీకు ముప్ఫై ఏళ్ళు అన్నం పెట్టాడు. సిగ్గుందా నీకు?"

హోరెస్ తన స్పానర్లు గుడ్డలో చుట్టుకున్నాడు. షెడ్డులో అందరివీ కలిసిపోయాయి. తనవేవో ఏరుకోవడానికి చాలాసేపు పట్టింది. విల్ఫ్ వచ్చి రెండు తీసిచ్చాడు. చెయ్యి కలపబోయి, రంగు అంటుకుని ఉందని చూపించి ఊరుకున్నాడు.

*

గురువారం వర్షం. హోరెస్ ఆస్పత్రికి చేరేసరికి గ్లెనిస్ నడవాలోనే ఎదురొచ్చింది. మొహం వెలిగిపోతోంది.

"ఉత్తరం వెనక్కి తీసుకున్నారండీ! నిన్న సాయంత్రం గ్యారేజీ మనిషి ఇంటికొచ్చి చెప్పాడు. ఇప్పుడు అంతా ఈయనకి చెప్పేశాను. మీరు మాట్లాడబట్టే. రండి, కూచోండి. కోటు ఇలా ఇవ్వండి, ఆరేస్తాను."

"ఉండనీ అమ్మా."

హోరెస్ లోపలికొచ్చినా కూచోలేదు. మంచం కాళ్ళదగ్గర ఇనప కడ్డీ పట్టుకుని నిలబడ్డాడు. కోటు చివర్లనుంచి నీళ్ళు నేల మీదికి కారుతున్నాయి. ఇన్‌స్పెక్టర్‌తో ఏం చెప్పాడో అదే, అదే మాటల్లో చెప్పాడు. స్టాండ్ సంగతి. టీ సంగతి. మంగళవారం తన చెయ్యి సుత్తి ఎత్తిన సంగతి. చెప్తున్నంతసేపూ కీత్ వైపే చూశాడు, గ్లెనిస్ వైపు చూడలేదు.

"నీ తప్పు కాదురా అబ్బాయ్. నీకు తెలిస్తే కదా. నీకు తెలియకుండా చేసింది నేను. అది చెబ్దామనే వచ్చాను."

కీత్ మిగిలిన ఒక్క కంటితో చాలాసేపు పైకప్పు వైపు చూశాడు. తర్వాత పలక అందుకున్నాడు. ఈసారి గిలకలేదు. నెమ్మదిగా, మధ్య మధ్య ఆగుతూ రాశాడు. రాసి, అలవాటు ప్రకారం భార్యకిచ్చాడు.

గ్లెనిస్, ఇన్నాళ్ళూ వచ్చినవాళ్ళందరికీ చదివినట్టే, పైకి చదివింది.

"నాకు తెలుసు. రిపేరు పుస్తకంలో ఉంది, స్టాండ్ పెట్టమని. ఎప్పుడో చదివాను. శుక్రవారం చేతిలోకి తీసుకున్నాను కూడా. పెడుతుంటే నువ్వొస్తే..."

అక్కడ ఆగింది. మిగతాది ముందు కళ్ళతో చదువుకుంది.

"చదువమ్మా," అన్నాడు హోరెస్.

"...నువ్వొస్తే నవ్వుతావని, మళ్ళీ మూలన పెట్టేశాను."

ఆవిడ పలకని దుప్పటి మీద బోర్లా పెట్టింది. కుర్చీ మీదున్న చేతిసంచీ తీసి ఒళ్ళో పెట్టుకుని, దాన్ని రెండు చేతులా పట్టుకుని కూచుంది. కిటికీ అద్దం మీద వాన పడుతోంది. పక్క మంచం మీది ముసలాయన నిద్రలో దగ్గాడు.

కీత్ తల తిప్పి హోరెస్ వైపు చూస్తున్నాడు. కోపంగా కాదు. ఒక మాట అడిగి జవాబు కోసం ఆగినట్టుగా.

హోరెస్‌కి కాదని చెప్పాలనిపించింది. ఛ, అలా ఎందుకనుకున్నావురా, నేనెందుకు నవ్వుతాను అందామనుకున్నాడు. నోరు తెరిచాడు.

"నిజమే అబ్బాయ్," అన్నాడు. "నవ్వేవాణ్ణే."